డెల్ఫ్ట్ తైలచిత్రంతో సంక్రాంతి కార్డులు: ఆకాశం కత్తిరించాలా, ఉంచాలా?

డెల్ఫ్ట్_సుధ
అందరికీ నమస్కారం. నేనుండేది నెదర్లాండ్స్‌లోని డెల్ఫ్ట్. ఈ సంక్రాంతికి మన ఊళ్ళలోని పెద్దవాళ్ళకీ, మాకు చదువు చెప్పిన టీచర్లకీ వాట్సాప్ బొమ్మలు పంపకుండా కాగితం కార్డులే పోస్టులో వేద్దామని ఇక్కడి తెలుగు స్నేహితులం కొందరం అనుకున్నాం. ముఖచిత్రంగా 17వ శతాబ్దపు డచ్చి చిత్రకారుడు వెర్మీర్ గీసిన 'డెల్ఫ్ట్ దృశ్యం' పెట్టాలని నా పట్టుదల. మేముంటున్న ఊరు ఎలా ఉంటుందో ఇంటివాళ్ళకి చూపించడానికి ఇంతకన్నా మంచి బొమ్మ నాకు దొరకలేదు. కాలువ నీళ్ళు, ఎర్ర పెంకుల కప్పులు, ఊరి ద్వారాలు, వాటి మీద పెద్ద ఆకాశం.

చిక్కేమిటంటే, ప్రింటింగ్ సైటులో 5×7 అంగుళాల నమూనాలో బొమ్మ పెడితే పైనో కిందో తెగిపోతోంది. మా వాళ్ళలో ఒకరేమో "పైనంతా ఖాళీ ఆకాశమే కదా, కొంత కోసేసి మిగిలిన చోట బంగారు రంగులో సంక్రాంతి శుభాకాంక్షలు అని కొట్టిద్దాం" అంటున్నారు. నాకు మనసు ఒప్పుకోవడం లేదు, కానీ ఎందుకు ఒప్పుకోవడం లేదో వాళ్ళకి సరిగ్గా చెప్పలేకపోతున్నాను. హక్కుల సంగతి, కాగితం సంగతి కూడా తెలిసినవాళ్ళు చెప్పండి.

న్యూజెర్సీ_వాణి
హక్కుల గురించి భయపడక్కర్లేదు సుధా. వెర్మీర్ పోయింది 1675లో. చిత్రం మీద ఎవరికీ కాపీరైట్ లేదు. చిత్రానికి తీసిన ఫొటో మీద హక్కు ఉంటుందేమోనని కొందరు అడుగుతుంటారు. యూరప్ యూనియన్ 2019లో తెచ్చిన కాపీరైట్ ఆదేశంలో 14వ అధికరణ దానికి జవాబు చెప్పింది: హక్కుల గడువు తీరిన చిత్రాన్ని ఉన్నదున్నట్టు నకలు తీస్తే ఆ నకలుకి కొత్తగా కాపీరైట్ రాదు. పైగా ఆ చిత్రం ఉన్న మౌరిట్స్‌హౌస్ మ్యూజియం తన సైటులోనే పెద్ద ఫైలు ఉచితంగా ఇస్తోంది. మ్యూజియం లోగో మాత్రం కార్డు మీద వాడకండి, అది వేరే విషయం. బొమ్మ ఎక్కడుందో వెనక చిన్న అక్షరాల్లో రాస్తే మర్యాదగా ఉంటుంది.

ముందువైపు తెలుగు ఉండాలనే నేనూ అంటాను. మా అమ్మమ్మ వయసువాళ్ళు కార్డు చేతికి రాగానే చూసేది అక్షరాలనే. లోపల రాస్తే "ఇదేదో క్యాలెండరు ముక్కేమో" అనుకుంటారు.

ప్రెస్_రమణమూర్తి
అమ్మా సుధ గారూ, నేను ఆఫ్‌సెట్, డిజిటల్ రెండూ చూసినవాణ్ణి. ముందు కొలతలు తేల్చుకుందాం. అసలు చిత్రం ఎత్తు 96.5 సెంటీమీటర్లు, వెడల్పు 115.7. అంటే వెడల్పు ఎత్తుకి 1.2 రెట్లు. 5×7 కార్డు 1.4 రెట్లు. బొమ్మ వెడల్పంతా ఉంచి కార్డు నింపాలంటే ఎత్తులో సుమారు 14 శాతం పోతుంది. నమూనా ఏదైనా ఈ లెక్క మారదు. పోకూడదంటే కార్డు ఆకారమైనా మార్చాలి, చుట్టూ తెల్ల అంచైనా వదలాలి.

రెండోది రంగు. కంప్యూటర్ తెర మీద కనపడే నీలం సీఎంవైకే, అంటే అచ్చులో వాడే నాలుగు సిరాల రంగుల్లోకి మార్చగానే కాస్త చప్పబడుతుంది. దానికన్నా పెద్ద ప్రమాదం నడుమనున్న నీడ పట్టీ. ద్వారాలు, గోడలు, నీళ్ళలో వాటి నీడలు అన్నీ ముదురు రంగులే. పూత లేని కాగితం మీద సిరా పీల్చుకుని చుక్కలు వ్యాపిస్తాయి, ఆ పట్టీ మొత్తం నల్లగా ముద్దకడుతుంది. ప్రింటుకి పంపేముందు ఆ నీడల్ని కొంచెం తేలిక చేయించండి. వెలుగు భాగాన్ని మాత్రం ముట్టుకోవద్దు. ప్రూఫ్, అంటే ముందుగా తీసే నమూనా ప్రతి, చూడకుండా మొత్తం సంఖ్యకి సరే అనవద్దు. ప్రూఫ్ కూడా అసలు వాడబోయే కాగితం మీదే తీయించాలి.

చిత్రలేఖ
సుధ గారు చెప్పలేకపోతున్నానన్న మాట నేను చెప్పే ప్రయత్నం చేస్తాను. ఫైన్ ఆర్ట్స్ విద్యార్థులకి ఈ చిత్రాన్ని పాఠంగా చెప్పినదాన్ని కాబట్టి కొంచెం పొడుగవుతుంది, ఓపిక పట్టండి.

ఆ ఆకాశం ఖాళీ కాదు. చిత్రంలో సగానికి పైగా ఆకాశమే ఉంది, అది వెర్మీర్ తెలిసి చేసిన పని. పై అంచు దగ్గర ఒక ముదురు మబ్బు చూడండి, బూడిదరంగులో బరువుగా ఉంటుంది. దాని కింద తెల్లటి మబ్బులు, వాటి మధ్య నీలం. ఇక ఊళ్ళోకి రండి. నీటి ఒడ్డునున్న కట్టడాలన్నీ నీడలో ఉన్నాయి. ఎడమన గడియారంతో ఉన్న స్కీడామ్ ద్వారం, కుడివైపు జంట బురుజుల రాటర్‌డామ్ ద్వారం, కోటగోడ, అన్నీ. వాటి వెనక, ఊరి లోపల మాత్రం ఎండ పడింది. కొన్ని కప్పులు పసుపు, నారింజ రంగుల్లో వెలుగుతున్నాయి, కొత్త చర్చి శిఖరం ఎండలో మెరుస్తోంది. ముందు నీడ, వెనక వెలుగు. మామూలుగా చిత్రకారుడు ముఖ్యమనుకున్నది ముందుపెట్టి దానిమీద వెలుగు వేస్తాడు. ఇక్కడ మన కన్ను నీడని దాటుకుని ఊరి లోపలికి వెళ్ళాలి.

ఆ నీడ ఎక్కడిది? పైనున్న ఆ ముదురు మబ్బుది. ఆ పై 14 శాతం కోసేస్తే కారణం పోయి ఫలితం మాత్రం మిగులుతుంది. గోడలు ఉత్తినే నల్లగా ఉన్నట్టుంటాయి, వాన వెలిసిన పొద్దు కాస్తా పర్యాటకశాఖ వాళ్ళ పోస్టుకార్డు అయిపోతుంది. పోనీ కింద కోద్దామా అంటే, కింద ఒడ్డున నిలబడి మాట్లాడుకుంటున్న ఇద్దరు ఆడవాళ్ళు, జనాన్ని చేరవేసే పడవ, ఆ లేత ఇసుకరంగు ఒడ్డు ఉన్నాయి. ఆ ఇద్దరు ఆడవాళ్ళ పక్కన మొదట ఒక మగమనిషి కూడా ఉండేవాడు, తర్వాత వెర్మీరే అతన్ని రంగుతో కప్పేశాడు. కుడివైపు ద్వారం నీడల్ని నీళ్ళలో కిందిదాకా పొడిగించాడని ఎక్స్‌రేల్లో తేలింది. అంతలా ఆలోచించి సర్దుకున్న కొలతలవి. అందులో మనం ఒక వేలెడు తగ్గించినా ఆ సర్దుబాటంతా చెదిరిపోతుంది.

బంగారు అక్షరాల సంగతి కూడా ఇంతే. చిత్రంలో వెలుగు ఎక్కడుందో కన్ను వెతుక్కోవాలి. దానిపైన మెరిసే అక్షరాలు పెడితే కన్ను ముందు వాటి దగ్గరే ఆగిపోతుంది.

ఓరుగల్లు_అనిల్
బొమ్మ మంచిగుంది, కాదనను. కానీ అక్కా, సంక్రాంతి కార్డు మీద హాలండ్ ఊరెందుకు? మనకు కాలువల్లేవా, పడవల్లేవా? పండుగకు మన ముగ్గులు, గంగిరెద్దు, పతంగులు పెట్టుకుంటే ఏమైతది? నాకైతే కార్డు చూడంగనే పండుగ గుర్తుకు రావాలె.

గోదారిగట్టు
అనిల్ తమ్ముడి మాటలో న్యాయముంది. మాది కోనసీమ. ధవళేశ్వరం ఆనకట్ట కట్టాక తవ్విన కాలువల్లో నీళ్ళే కాదండి, చాన్నాళ్ళు పడవల రాకపోకలూ సాగాయి. బియ్యం బస్తాలు, కొబ్బరికాయలు, మనుషులు అన్నీ కాలవ మీదే. అవి చూపించే మంచి తైలచిత్రం కార్డు మీద వస్తే నేను ముందు కొంటాను.

అయితే ఇక్కడ సుధమ్మ పంపుతున్నది తానుంటున్న ఊరిని. మన కాలవ బొమ్మ మన అమ్మకి పంపితే ఆవిడ రోజూ చూసేదే కదా. కూతురున్న ఊరు చూడాలని ఉంటుంది ఆవిడకి.

ఓరుగల్లు_అనిల్
గోదారి అన్నా, అది ఒప్పుకుంటున్న. అమ్మకు పంపే కార్డు అనే సంగతి నేను ఆలోచించలే. అట్లయితే లోపలి పేజీల ఒక ముగ్గన్న వేయండి అక్కా.

బందరు_చదువరి
అనిల్ గారి ప్రశ్నకి ఇంకో వైపు నుంచి జవాబు చెప్తాను, ఎందుకంటే డెల్ఫ్ట్ మన తీరానికి అంత పరాయి ఊరు కాదు.

1602లో పెట్టిన డచ్చి ఈస్టిండియా కంపెనీకి ఆరు ఊళ్ళలో శాఖలుండేవి. వాటిలో డెల్ఫ్ట్ ఒకటి. ఊరు సముద్రానికి దూరం కాబట్టి డెల్ఫ్‌స్‌హావెన్ అనే రేవు దాని కిందే ఉండేది. వెర్మీర్ చిత్రంలో ముందున్న ఆ నీళ్ళ మీదుగానే, స్కీ కాలువ పట్టుకుని, పడవలు ఆ వైపుకి వెళ్ళేవి. ఆ కంపెనీ వాళ్ళు 17వ శతాబ్దం మొదట్లోనే, గోల్కొండ సుల్తానుల ఏలుబడిలో, మా మచిలీపట్నంలోనూ నిజాంపట్నంలోనూ వర్తకస్థావరాలు పెట్టారు. తర్వాత పాలకొల్లు, భీమునిపట్నం, కాకినాడ పక్క జగన్నాథపురం. వాళ్ళు ఎగబడి కొన్నది మన నేత బట్ట, అద్దకం బట్ట, నీలిమందు. మన బట్టని తూర్పు దీవులకి తీసికెళ్ళి అక్కడ జాజికాయ, లవంగం కొనేవారు, కొంత బట్ట నేరుగా హాలండుకీ చేరేది. కోరమాండల్ తీరపు, అంటే మన తూర్పు తీరపు, అద్దకం బట్టలు ఆమ్‌స్టర్‌డామ్ రైక్స్‌మ్యూజియంలో ఇవాళ్టికీ ఉన్నాయి.

మా బందరుకోటలో, భీమిలిలో డచ్చివారి సమాధులున్నాయి. రాళ్ళ మీద వాళ్ళ వంశచిహ్నాలు చెక్కి ఉంటాయి. చిన్నప్పుడు వాటి మీదెక్కి ఆడుకునేవాళ్ళం, అవి ఏ ఊరివాళ్ళవో ఎవరూ చెప్పలేదు. అందుకే సుధ గారి కార్డు బందరుకి వస్తే నాకది దూరదేశపు బొమ్మగా అనిపించదు. ఆ ఊరి సంపదలో మా నేతగాళ్ళ కష్టం కొంత ఉంది, అది మర్చిపోకుండా ఆ బొమ్మ చూడాలి.

డెల్ఫ్ట్_సుధ
బందరు_చదువరి గారూ, ఇది చదివి నాకు ఒళ్ళు జలదరించింది. ఆ కంపెనీ శాఖ భవనం ఇక్కడ 'పాత డెల్ఫ్ట్' అనే కాలువ ఒడ్డున ఇప్పటికీ నిలబడే ఉంది. నేను సైకిలు మీద దాని ముందు నుంచే పోతాను.

చిత్రలేఖ గారూ, మీ పోస్టు మా వాళ్ళకి చదివి వినిపించాను. బంగారు అక్షరాలంటున్న స్నేహితుడు ఫైలు పెద్దది చేసుకుని పై మబ్బు వైపు చాలాసేపు చూశాడు. ఆకాశం కోయడం లేదు, అది తేలిపోయింది. ఇప్పుడు తెలుగు ఎక్కడ పెట్టాలన్నదే మిగిలింది.

ఇంకో సందేహం. చిత్రంలోని ద్వారాలు ఇప్పుడు ఊళ్ళో కనపడవు. చర్చి శిఖరం కూడా వేరేలా ఉంది. ఇంటివాళ్ళు వీడియోకాల్‌లో చూసి "ఇది ఆ ఊరు కాదే" అంటే ఏం చెప్పాలి?

చిత్రలేఖ
నిజమే చెప్పండి. ఆ రెండు ద్వారాలూ 19వ శతాబ్దంలో కూల్చేశారు. పాత ఊరి ద్వారాల్లో మిగిలింది తూర్పు ద్వారం ఒక్కటే, అది ఈ చిత్రంలో లేదు. కొత్త చర్చి శిఖరం 1872లో పిడుగు పడి కాలిపోయింది. ఇప్పుడున్నది ఆ తర్వాత కట్టినది, మునుపటికన్నా ఎత్తు. చిత్రంలోని గోపురంలో గంటలు లేవు చూడండి, ఎండ ఇవతలి నుంచి అవతలికి దూరిపోతున్నట్టుంటుంది. 1660 ప్రాంతంలో కొత్త గంటల వరస బిగిస్తున్నారు. చిత్రం 1660–61 నాటిదని చెప్పడానికి ఇది కూడా ఒక ఆధారం.

ఇంకోటి కూడా చెప్పండి. దీనికి ఆరేడేళ్ళ ముందు, 1654 అక్టోబరు 12న, ఆ ఊళ్ళో తుపాకిమందు గిడ్డంగి పేలి ఒక పేట మొత్తం నేలమట్టమైంది. గొప్ప చిత్రకారుడు కారెల్ ఫాబ్రీషియస్ అందులోనే పోయాడు. ఆయన చిన్న పక్షి బొమ్మ కూడా మౌరిట్స్‌హౌస్‌లోనే ఉంది. వెర్మీర్‌కి అప్పుడు ఇరవై రెండేళ్ళు నిండబోతున్నాయి, ఉండేది ఆ ఊళ్ళోనే. ఆయన ఊరి దక్షిణం నుంచి చూసి గీశాడు కాబట్టి ఆ గాయం చిత్రంలో ఎక్కడా కనపడదు. కానీ ఆ ఊరివాళ్ళు ఈ ప్రశాంతతని ఎలా చూసి ఉంటారా అని నేను తరగతిలో పిల్లల్ని అడుగుతుంటాను.

కొత్తగా_చేరిన_లలిత
మధ్యలో దూరుతున్నాను, క్షమించండి. వెర్మీర్ అంటే ముత్యపు పోగు పెట్టుకున్న అమ్మాయి బొమ్మే నాకు తెలుసు. ఊళ్ళ బొమ్మలు కూడా చాలా గీశాడా?

చిత్రలేఖ
లేదండి లలిత గారూ. ఆయనవి ఇప్పటికి మిగిలినవే మూడు డజన్ల చిల్లర. అందులో ఇంటి బయట దృశ్యాలు రెండే: ఒకటి ఇది, రెండోది రైక్స్‌మ్యూజియంలోని 'చిన్న వీధి'. మిగతావన్నీ గదుల్లో మనుషులు, ఒకటి రెండు పురాణ, మత కథలు. బతికున్నప్పుడు ఆయన పేరు సొంత ఊరు దాటి పెద్దగా వెళ్ళలేదు. నలభై మూడేళ్ళకే పోయాడు, అప్పులు, ఇంటినిండా పిల్లలు. రొట్టెల అంగడి బాకీ కింద ఆయన భార్య రెండు చిత్రాలు ఇచ్చేయాల్సి వచ్చింది. ఈ 'డెల్ఫ్ట్ దృశ్యం' 1696లో ఆమ్‌స్టర్‌డామ్ వేలంలో 200 గిల్డర్లకి (అప్పటి డచ్చి నాణేలు) పోయింది. ఆ రోజు ఆయన చిత్రాలు 21 అమ్మితే వాటిలో ఎక్కువ ధర దీనికే. 1822లో డచ్చి ప్రభుత్వం 2,900 గిల్డర్లకి కొని మౌరిట్స్‌హౌస్‌కి ఇచ్చింది.

న్యూజెర్సీ_వాణి
ఆకాశం మీద అక్షరాలొద్దు, నేనూ ఒప్పుకున్నాను. కానీ ముందువైపు తెలుగు ఉండాలన్న మాట మీదే ఉన్నాను. అంచు వదిలితే ఆ అంచులో పెట్టవచ్చు కదా?

ప్రెస్_రమణమూర్తి
వాణి గారు దారి చూపించారు. ఇలా చేయండి. కార్డు చతురస్రం, మడిచాక 148×148 మిల్లీమీటర్లు. బొమ్మ వెడల్పు 128 పెడితే ఎత్తు 107 వస్తుంది, ఒక్క గీత కూడా తెగదు. పక్కలా పైనా 10 మిల్లీమీటర్లు తెలుపు, కింద 31 మిగులుతుంది. ఆ కింది తెలుపులో తెలుగు ఒకే వరుస, ముదురు బూడిద రంగు లేదా ఆ పెంకుల ఎరుపు. కవరు 155×155.

ఇక కాగితం. పూత ఉన్న మ్యాట్ ఆర్ట్ కార్డు 300 జీఎస్ఎమ్ (చదరపు మీటరుకి 300 గ్రాముల బరువు) తీసుకోండి. గ్లాసీ వద్దు, దీపం కింద పట్టుకుంటే ఆ నీడ పట్టీ మీద మెరుపు తప్ప ఏమీ కనపడదు. లోపలివైపు పెన్నుతో రాయాలి కనుక లోపల లామినేషన్ వేయించవద్దు, ఇంకు ఆరదు, చేయి తగిలితే అలుక్కుపోతుంది. మడతకి ముందు క్రీజింగ్, అంటే మడత గీతని నొక్కి గాడి పెట్టడం, తప్పనిసరి. గ్రెయిన్, అంటే కాగితపు పీచు నడిచే దిక్కు, మడతతో పాటు పోవాలి, అడ్డంగా ఉంటే 300 జీఎస్ఎమ్ కాగితం మడత దగ్గర చిట్లి తెల్లగా బయటపడుతుంది. ఇక్కడ మేమైతే 13×19 అంగుళాల షీటులో విప్పిన కార్డులు మూడు పడేస్తాం. మడత షీటు పొడుగు వైపుకి వస్తుంది కనుక లాంగ్ గ్రెయిన్ అడగాలి. మీ దగ్గర ప్రెస్సువాళ్ళకి షీటు కొలత వేరే ఉండొచ్చు, గ్రెయిన్ మాట మాత్రం మీరే నోరు తెరిచి అడగండి.

తెలుగు అక్షరాల విషయంలో ఒక జాగ్రత్త. విదేశీ ప్రెస్సుకి ఫైలు పంపేటప్పుడు అక్షరాల్ని అవుట్‌లైన్లుగా, అంటే ఉత్త గీతల ఆకారాలుగా, మార్చి పీడీఎఫ్ చేయండి. లేకపోతే వాళ్ళ యంత్రంలో ఒత్తులు విడిపోయి 'సంక్రాంతి' ముక్కలవుతుంది, అక్కడ దాన్ని పట్టుకునేవాళ్ళు ఉండరు.

న్యూజెర్సీ_వాణి
ఒక్కమాట. ఈ కార్డులు అమెరికా నుంచి ఎవరైనా పోస్టు చేస్తే గుర్తుంచుకోండి, చతురస్రం కవరు ఇక్కడ యంత్రంలో పోదని పోస్టాఫీసు అదనపు రుసుము తీసుకుంటుంది. మామూలు స్టాంపు అతికిస్తే సరిపోదు. ఇక్కడివాళ్ళు పొడుగు కవరుకి సరిపడే కార్డు చేసుకుని బొమ్మని నడుమ తెల్ల అంచుతో పెట్టుకోవడం మేలు.

గోదారిగట్టు
సుధమ్మా, వెనకవైపు బందరు గారు చెప్పిన సంగతి రెండు వాక్యాల్లో వేయించమ్మా. పాలకొల్లు మా పక్కూరే. డచ్చివాళ్ళు మా దగ్గర బట్ట కొన్నారని మా వీధిలో పెద్దాయనెవరైనా ఆ కార్డు మీద చదివితే దాన్ని అందరికీ చూపిస్తాడు.

డెల్ఫ్ట్_సుధ
అలాగే బాబాయ్ గారూ. ఇదిగో ఖాయం చేసినది.

ముందు: రమణమూర్తి గారి కొలతలే. బొమ్మ మొత్తం, కింద పెంకుల ఎరుపులో 'సంక్రాంతి శుభాకాంక్షలు'. లోపల ఎడమ పేజీలో మా స్నేహితురాలు చేత్తో వేసిన చుక్కల ముగ్గు, అనిల్ కోసం. కుడి పేజీ ఖాళీ, ఎవరి మాట వాళ్ళు చేత్తో రాయాలి.

వెనక: "యోహానెస్ వెర్మీర్, డెల్ఫ్ట్ దృశ్యం, సుమారు 1660–61. కాన్వాస్ మీద తైలవర్ణాలు. మౌరిట్స్‌హౌస్, ది హేగ్. ఈ ఊరికి శాఖ ఉన్న డచ్చి కంపెనీ ఆ కాలంలోనే మచిలీపట్నం, నిజాంపట్నం, పాలకొల్లు వైపు నుంచి మన నేతగాళ్ళ బట్టలు కొనేది. ఇప్పుడు మేం ఇక్కడ చదువుకుంటున్నాం, పనిచేసుకుంటున్నాం."

చిత్రలేఖ గారూ, బందరు_చదువరి గారూ, తప్పుంటే ప్రూఫ్ పోకముందే చెప్పండి.

బందరు_చదువరి
తప్పేం లేదమ్మా. 'నేతగాళ్ళ' పక్కన 'అద్దకంవాళ్ళ' అని కూడా చేర్చండి. మా పెడనలో ఆ పని చేసే ఇళ్ళు ఇంకా ఉన్నాయి. ఒక కార్డు అక్కడికీ పంపితే నేను చేరుస్తాను, వివరాలు మెసేజీలో పెడతాను.

ఓరుగల్లు_అనిల్
ముగ్గు మాట యాదికుంచుకున్నరు, సంతోషం అక్కా. ఫైలు ఇక్కడ పెడ్తరా? మా అన్న నెదర్లాండ్స్‌లనే ఐంధోవెన్ల ఉంటడు, ఆయన తరఫున హైదరాబాద్ ఛత్తాబజార్లనే కొట్టించి ఊర్లె పంచుత.

డెల్ఫ్ట్_సుధ
తప్పకుండా అనిల్. అద్దకంవాళ్ళ మాట చేర్చి, రమణమూర్తి గారు ఒకసారి నీడలు చూశాక పీడీఎఫ్ ఇక్కడే పెడతాను. చతురస్రం ఒకటి, పొడుగు కవరుకి ఒకటి.

ప్రెస్_రమణమూర్తి
పంపండమ్మా, రాత్రికి చూసి చెప్తాను. అనిల్ గారూ, ఛత్తాబజార్లో ఇచ్చేటప్పుడు లామినేషన్ ముందువైపు మాత్రమే అని బిల్లు మీద రాయించండి. అక్కడ పెళ్ళికార్డుల అలవాటులో రెండు వైపులా వేసేస్తారు.